చందాదారుల డేటా అంతా ఒకేచోటికి: హెచ్‌ఎల్‌ఆర్‌లు కలిపేయాలా, విడిగానే ఉంచాలా?

తరంగిణి (చర్చ మొదలుపెట్టినవారు) | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మొబైల్ కోర్ నెట్‌వర్క్ ప్లానింగ్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గర ఐదు హెచ్‌ఎల్‌ఆర్‌లున్నాయి (ప్రతి చందాదారుడి వివరాలూ, ఎక్కడున్నాడన్నదీ దాచే డేటాబేస్‌లు), ఒక్కోటీ ఒక్కో కాలంలో కొన్నది. 4జీకి అదే పని చేసే హెచ్‌ఎస్‌ఎస్ వేరు. ప్రీపెయిడ్‌కి ఇంటెలిజెంట్ నెట్‌వర్క్ ఎస్‌సీపీలు (కాల్‌ను ఏం చేయాలో స్విచ్‌కి చెప్పే కంప్యూటర్లు) వేరు, వాటిలో మళ్లీ చందాదారుల పట్టికలు. వాయిస్‌మెయిల్‌కి ఒకటి, నంబర్ పోర్టబిలిటీకి ఒకటి. ఒకే మనిషి వివరాలు ఏడెనిమిది చోట్ల ఉన్నాయి. ఇవన్నీ తీసేసి ఒకే కేంద్ర డేటాబేస్ పెట్టాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. దానిమీద సాంకేతిక అభిప్రాయం రాసే పని నాకు అప్పగించారు.

నా భయం ఇది. ఇవాళ ఒక హెచ్‌ఎల్‌ఆర్ పడిపోతే సుమారు ఐదో వంతు మందికి ఫోన్లు పనిచేయవు. అన్నీ కలిపాక అది పడిపోతే ఎవరికీ పనిచేయవు. అమ్మేవాళ్లు చూపించే బొమ్మల్లో రెండు సైట్లు, మూడు కాపీలు అని ఉంటుంది కానీ అది చూసి నాకు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి పని దగ్గరుండి చేసినవాళ్లు చెప్పండి. కలపాలా వద్దా? కలిపితే ఎక్కడ జాగ్రత్తపడాలి?

పాతకాపు | సోమవారం, రాత్రి 9:52

తరంగిణి గారూ, మీ భయం సరైనదే. కానీ ముందు ఒక సంగతి గుర్తుచేస్తాను. ఒకచోట చేర్చడం మన రంగానికి కొత్త కాదు, ఇంటెలిజెంట్ నెట్‌వర్క్ అనే మాట పుట్టిందే ఆ పని వల్ల.

అమెరికాలో 800 నంబర్ల సేవ తీసుకోండి. మొదట్లో ఏ నంబరు ఎక్కడికి పోవాలో స్విచ్‌లలోనే రాసి ఉండేది. 1981లో ఏటీ అండ్ టీ ఆ పట్టికను స్విచ్‌ల నుంచి బయటికి తీసి కేంద్ర డేటాబేస్‌లో పెట్టింది. స్విచ్ కాల్‌ను మధ్యలో ఆపి, సిగ్నలింగ్ లింకు మీద "ఈ నంబరుకి అసలు నంబరేది?" అని అడుగుతుంది, జవాబు రాగానే కలుపుతుంది. ఆ తర్వాత వచ్చిన ఎస్‌ఎస్‌పీ (అడిగే స్విచ్), ఎస్‌సీపీ (జవాబిచ్చేది) మొత్తం ఈ ఒక్క అలవాటు మీద కట్టినవే.

వైర్‌లెస్‌కి ఇది ఇంకా అవసరం. ల్యాండ్‌లైన్‌లో నంబరు చూస్తే తీగ ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. మొబైల్ నంబరు చూస్తే మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, ఆ ఒకరే హెచ్‌ఎల్‌ఆర్. కాల్ రాగానే గేట్‌వే ఎంఎస్‌సీ, అంటే కాల్ ముందుగా చేరే మొబైల్ స్విచ్, హెచ్‌ఎల్‌ఆర్‌ని అడుగుతుంది. అది ఆ మనిషి ప్రస్తుతం ఏ వీఎల్‌ఆర్ (ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ల తాత్కాలిక డేటాబేస్) కింద ఉన్నాడో చూసి, అక్కడినుంచి ఒక తాత్కాలిక రోమింగ్ నంబరు తెప్పించి ఇస్తుంది. కాల్ ఆ నంబరు మీద నడుస్తుంది. జీఎస్‌ఎం సేవ 1991లో ఫిన్లాండ్‌లో మొదలైన నాటి నుంచి ఇదే వరస. జీఎస్‌ఎంలో కామెల్ అనే ప్రమాణం, అమెరికా పద్ధతి నెట్‌వర్కుల్లో విన్ అనేది, రెండూ ఈ హెచ్‌ఎల్‌ఆర్ పక్కన ఎస్‌సీపీని కూర్చోబెట్టడానికి వచ్చినవే.

మరి ఒకటే ఉండాల్సిన హెచ్‌ఎల్‌ఆర్ ఐదెందుకైంది? ఆ రోజుల్లో ఒక్క పెట్టెలో పట్టే చందాదారులు కొద్దిమందే. నిండగానే ఇంకోటి కొన్నారు, నంబర్ల వరసలు పంచారు. మీ దగ్గరున్న విభజన కావాలని చేసింది కాదు, చోటు చాలక వచ్చింది. కాబట్టి దాన్నే రక్షణ కవచం అనుకోకండి.

రాత్రిపాళీ | సోమవారం, రాత్రి 11:30

నేను ఆపరేషన్స్ మనిషిని, పదకొండేళ్లుగా ఎక్కువగా రాత్రి డ్యూటీలే. విడివిడిగా ఉంటే ఏమవుతుందో నా బల్ల మీద నుంచి చెబుతాను.

కొత్త ప్రీపెయిడ్ సిమ్ యాక్టివేట్ చేయాలంటే ప్రొవిజనింగ్ సిస్టమ్ (కొత్త కనెక్షన్ వివరాలు నమోదుచేసేది) రెండు చోట్ల రాయాలి. హెచ్‌ఎల్‌ఆర్‌లో ప్రొఫైల్, అందులో "ఈయన కాల్ చేస్తే ఫలానా ఎస్‌సీపీని అడుగు" అనే ట్రిగ్గర్ సమాచారం. ఎస్‌సీపీలో ఖాతా. హెచ్‌ఎల్‌ఆర్‌లో రాత అయిపోయి ఎస్‌సీపీ కమాండ్ టైమౌట్ అయిందనుకోండి. ఆ మనిషి ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంటుంది, కాల్ చేస్తే మాత్రం వెంటనే తెగిపోతుంది, ఎందుకంటే స్విచ్ వెళ్లి అడిగిన ఎస్‌సీపీకి ఆయనెవరో తెలియదు. తిరగేసి జరిగితే ఇంకా ఘోరం. ఎస్‌సీపీలో ఖాతా ఉంది, హెచ్‌ఎల్‌ఆర్‌లో ట్రిగ్గర్ లేదు. బ్యాలెన్స్ సున్నా ఉన్నా కాల్స్ పోతూనే ఉంటాయి, డబ్బు అడిగేవాడే లేడు.

రోజూ తెల్లవారుజామున రెండు వైపుల నుంచీ డంపులు తీసి పోల్చే స్క్రిప్టు నడుస్తుంది. తేడా లేని రోజు నేను చూడలేదు. కొన్ని రోజులు పదుల్లో, ఏదైనా ఆఫర్ పెట్టిన వారం వందల్లో. ఒక్కో వరస చేత్తో చూసి దిద్దాలి, ఏది నిజమో ఏ పట్టికా చెప్పదు. ఈ పని పోతుందంటే నేను కలపడానికే ఓటు వేస్తాను.

పాతకాపు | సోమవారం, రాత్రి 11:48

నీ బాధ నాకు తెలుసు తమ్ముడూ. అయితే కలిపినంత మాత్రాన కాపీలన్నీ పోవు. వీఎల్‌ఆర్‌లో ఎప్పుడూ ఒక కాపీ ఉంటుంది. హెచ్‌ఎల్‌ఆర్ ప్రొఫైల్ మార్చగానే వీఎల్‌ఆర్‌కి పంపాలి, అది అందిందని జవాబివ్వాలి. లింకు బాగోలేక ఆ జవాబు రాకపోతే కేంద్రంలో ఒకటి, బయట ఇంకొకటి. కేంద్రీకరణ నీ తెల్లవారుజాము పట్టికను చిన్నది చేస్తుంది, ఖాళీ చేయదు. ఈ మాట నివేదికలో రాయండి తరంగిణి గారూ, లేకపోతే రేపు మిమ్మల్నే అడుగుతారు.

వేగుచుక్క | మంగళవారం, ఉదయం 7:15

నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. చిన్న ప్రశ్న. కేంద్ర డేటాబేస్ అంటే నిజంగా ఒకే గదిలో ఒకే యంత్రమా? అలా అయితే ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు?

నిర్మాణి | మంగళవారం, ఉదయం 8:40

మంచి ప్రశ్న, చాలా సమావేశాల్లో పెద్దవాళ్లు కూడా అడగకుండా వదిలేసేది. ఒకే యంత్రం కాదు.

పాత హెచ్‌ఎల్‌ఆర్‌లో రెండు పనులు ఒకే పెట్టెలో అతుక్కుని ఉండేవి. డేటా దాచడం ఒకటి, ప్రోటోకాల్ మాట్లాడి నిర్ణయం తీసుకోవడం ఇంకొకటి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ తొమ్మిదో రిలీజ్‌లో యూజర్ డేటా కన్వర్జెన్స్ పేరుతో ఈ రెండిటినీ విడదీశారు, 23.335 స్పెసిఫికేషన్ అదే. డేటా అంతా యూజర్ డేటా రిపాజిటరీలోకి పోతుంది. ముందు నిలబడి మిగతా నెట్‌వర్క్‌తో ఎస్‌ఎస్‌7, డయామీటర్ అనే సిగ్నలింగ్ ప్రోటోకాల్‌లలో మాట్లాడేవాటిని ఫ్రంట్ ఎండ్‌లంటారు. ఫ్రంట్ ఎండ్ తన దగ్గర ఎవరి డేటానీ శాశ్వతంగా ఉంచుకోదు. ప్రశ్న వస్తుంది, రిపాజిటరీ నుంచి ఆ మనిషి రికార్డు చదువుతుంది, లెక్క చూసి జవాబిస్తుంది, అవసరమైతే తిరిగి రాస్తుంది, అంతటితో మర్చిపోతుంది. రెండిటి మధ్య చదవడానికీ రాయడానికీ ఎల్‌డాప్ అనే ప్రోటోకాల్ పెట్టారు. డేటా మారితే ఫలానా ఫ్రంట్ ఎండ్‌కి కబురు పంపే ఏర్పాటు కూడా ఉంది.

దీనివల్ల లాభమేంటంటే ఒక ఫ్రంట్ ఎండ్ చచ్చిపోతే పక్కది అందుకుంటుంది, ఎవరి డేటా ఎవరి దగ్గరుందన్న ప్రశ్న రాదు. హెచ్‌ఎల్‌ఆర్, హెచ్‌ఎస్‌ఎస్, పోర్టబిలిటీ, అన్నీ ఒకే రికార్డు మీద పనిచేస్తాయి. 5జీలో ఇదే ఆలోచన మొదటి రోజు నుంచీ ఉంది. యూడీఎం ముందు నిలబడుతుంది, యూడీఆర్ వెనక దాచుతుంది, మాట్లాడుకునేది హెచ్‌టీటీపీలో.

ఆ రిపాజిటరీ కూడా లోపల ముక్కలు ముక్కలుగా, సైట్ల మీద పరిచి ఉంటుంది. బయటికి ఒకటిగా కనిపిస్తుంది, అంతే. ఇక్కడే తరంగిణి గారి అసలు ప్రశ్న మొదలవుతుంది. ఒకటిగా కనిపించేది ఒకటిగానే పడిపోతుందా?

చెక్‌పోస్ట్ | మంగళవారం, ఉదయం 10:05

పడిపోతుంది. పడిపోయింది కూడా, ఒక్కసారి కాదు.

2009 ఏప్రిల్ 21న జర్మనీలో టీ-మొబైల్ నెట్‌వర్క్ దేశమంతటా గంటలపాటు ఆగిపోయింది, కారణం హెచ్‌ఎల్‌ఆర్ సాఫ్ట్‌వేర్ లోపం. 2012 జులైలో ఫ్రాన్స్‌లో ఆరెంజ్‌కి అదే హెచ్‌ఎల్‌ఆర్ దగ్గర దెబ్బ తగిలి సుమారు 12 గంటలు పోయింది. అదే నెలలో బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ ఒక రోజు దాకా ఇబ్బంది పడింది. అక్టోబరులో మళ్లీ పడింది. ఆ రెండోసారి తర్వాత ఓ2 వాళ్లు కేంద్ర యూజర్ డేటాబేస్‌నే తీసేస్తామని ప్రకటించారు. ఈ చర్చలో మనం మాట్లాడుకుంటున్న సరిగ్గా అదే వస్తువు. 2022 జులై 2న జపాన్‌లో కేడీడీఐకి మొదలైంది రూటర్ పని దగ్గర. అక్కడినుంచి వోల్టీ (4జీ మీద వాయిస్ కాల్స్) నోడ్‌లు కిక్కిరిసి, చందాదారుల డేటాబేస్ లెక్కకీ వాటి లెక్కకీ పొంతన తప్పి, మామూలు స్థితికి రావడానికి 60 గంటలు దాటింది.

వీళ్లెవరూ కాపీలు పెట్టుకోని వాళ్లు కాదు. కాపీ అనేది డిస్కు పోతే కాపాడుతుంది, కరెంటు పోతే కాపాడుతుంది, సైట్‌కి నీళ్లొస్తే కాపాడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే అదే సాఫ్ట్‌వేర్ రెండో సైట్‌లోనూ ఉంది. తప్పుడు డేటా రాస్తే రెప్లికేషన్ (కాపీలన్నిటినీ ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆ తప్పును క్షణాల్లో నమ్మకంగా మూడు చోట్లకీ మోసుకుపోతుంది. కాబట్టి అమ్మేవాళ్లు "మూడు కాపీలు" అన్నప్పుడు "మూడింట్లోనూ వేర్వేరు వెర్షన్లు నడుపుతారా?" అని అడగండి.

రాత్రిపాళీ | మంగళవారం, మధ్యాహ్నం 3:20

చెక్‌పోస్ట్ గారు చెప్పినవాటిలో ఎక్కువసేపు తినేది పడిపోవడం కాదండీ, లేవడం. దాని గురించి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఎందుకంటే ఈ భాగం ప్లానింగ్ వాళ్లకి కాగితం మీద కనిపించదు.

కోటి మంది చందాదారులున్న డేటాబేస్ తిరిగి లేచిందనుకోండి. 4జీలో ఒక్కో ఫోను మళ్లీ ఎక్కడానికి డేటాబేస్‌ని కనీసం రెండుసార్లు అడగాలి, ఆథెంటికేషన్‌కి ఒకసారి, లొకేషన్ నమోదుకి ఒకసారి. వోల్టీ ఉంటే ఆ కాల్స్ నడిపే ఐఎంఎస్‌లో రిజిస్ట్రేషన్‌కి ఇంకో నాలుగు. మనిషికి ఆరు, కోటి మందికి ఆరు కోట్లు. పది నిమిషాల్లో అందరినీ ఎక్కించాలంటే సెకనుకు లక్ష. మామూలు రోజు రద్దీకి కొన్న యంత్రం అది తట్టుకోదు. తట్టుకోక ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే ఫోను టైమౌట్ అయి మళ్లీ అడుగుతుంది, పని రెట్టింపవుతుంది.

ఫోన్ల ప్రవర్తన కూడా చూడాలి. అటాచ్, అంటే నెట్‌వర్క్‌లోకి ఎక్కడం, విఫలమైతే ఫోను పది సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఐదుసార్లు కాకపోతే టీ3402 అనే టైమర్ పెట్టుకుని కూర్చుంటుంది, మామూలుగా 12 నిమిషాలు. లక్షల ఫోన్లు ఒకేసారి పడ్డాయి కాబట్టి ఒకేసారి నిద్రలేస్తాయి. గ్రాఫులో దువ్వెన పళ్లలా కనబడుతుంది. మధ్యలో ఐదారు నిమిషాలు తెరిపి చూసి "అమ్మయ్య" అనుకునేలోపు ఇంకో పన్ను లేస్తుంది.

దీనికి మందు రేడియో దగ్గరుంది. ప్రతి సిమ్‌లో 0 నుంచి 9 లోపు ఒక యాక్సెస్ క్లాస్ ఉంటుంది. 2జీ, 3జీల్లో అన్నిటినీ ఆపి ఒక్కో క్లాసునే తెరిస్తే పదోవంతు మందే లోపలికొస్తారు, 4జీలో అదే పని శాతం లెక్కన చేయాలి. ఆ మీట ఎవరి చేతిలో ఉందో, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసుకోండి. మా దగ్గర ఒకసారి ఆ నిర్ణయం తీసుకునే మనిషి కోసం నలభై నిమిషాలు వెతికాం.

ఇక నేను మర్చిపోలేని రాత్రి. ఒక మైగ్రేషన్‌లో పాత హెచ్‌ఎల్‌ఆర్ నుంచి కొత్త కేంద్ర డేటాబేస్‌లోకి ఒక నంబర్ల వరస మారుస్తున్నాం. రూటింగ్ మార్చేశారు, ఆ వరసలో చివరి ఫైలు ఇంకా లోడ్ కాలేదు. ఫ్రంట్ ఎండ్ వెళ్లి రిపాజిటరీని అడిగింది, రికార్డు లేదు, "అలాంటి చందాదారుడు లేడు" అని జవాబిచ్చింది. ఇరవై నిమిషాల్లో ఫైలు ఎక్కించాం, అలారాలన్నీ ఆకుపచ్చ. అయినా ఆ మనుషులు నెట్‌వర్క్‌లోకి రావడం లేదు. గంటైనా రాలేదు. ట్రేస్ (సిగ్నలింగ్ సందేశాల నమోదు) పెట్టి చూస్తే అసలు ఆ ఫోన్ల నుంచి ప్రయత్నమే లేదు.

ఎందుకంటే "చందాదారుడు లేడు" అనే జవాబు తిరస్కార కారణంగా మారి ఫోను దాకా పోతుంది. ఆ కారణం విన్న ఫోను ఆ సిమ్ చెల్లదని నమ్ముతుంది. స్విచాఫ్ చేసి ఆన్ చేసేదాకా, లేదా సిమ్ తీసి పెట్టేదాకా మళ్లీ అడగదు. అదే "సిస్టమ్ ఫెయిల్యూర్" అని జవాబిచ్చి ఉంటే కాసేపాగి వాటంతటవే వచ్చేవి. మర్నాడంతా ఫోన్ ఆపి ఆన్ చేసుకోమని ఒక్కొక్కరికీ చెప్పుకున్నాం. ఎస్‌ఎంఎస్ పంపుదామంటే పంపాల్సిన ఫోన్లే నెట్‌వర్క్‌లో లేవు. అందులో ఒకాయన తన తండ్రి ఆస్పత్రిలో ఉండగా రాత్రంతా కాల్ కోసం చూశానన్నారు. ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది.

తరంగిణి | మంగళవారం, సాయంత్రం 6:02

రాత్రిపాళీ గారూ, ఇది రాసినందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మా టెండర్ పత్రంలో 140 పేజీలున్నాయి, "రికార్డు దొరకలేదు", "రికార్డు చేరుకోలేకపోయాను" అనే రెండిటికీ వేర్వేరు జవాబులుండాలన్న మాట ఒక్కచోటా లేదు. ఇవాళ చేరుస్తాను.

తాళంచెవి | మంగళవారం, రాత్రి 8:33

ఆథెంటికేషన్ వైపు నుంచి ఒకటి చేరుస్తాను, అది కూడా లేచేటప్పుడే కొరుకుతుంది.

3జీ నుంచి ఆథెంటికేషన్‌లో సీక్వెన్స్ నంబరు అని ఒకటి వచ్చింది, 48 బిట్లు. కేంద్రం ప్రతిసారీ దాన్ని పెంచి పంపుతుంది. సిమ్ తాను ఇంతకుముందు చూసినదానికన్నా పాతది వస్తే ఒప్పుకోదు. పాత వెక్టర్లను (ఆథెంటికేషన్ కోసం కేంద్రం ఇచ్చే విలువలను) ఎవరైనా దొంగిలించి మళ్లీ వాడకుండా కాపలా అన్నమాట. అంటే చదవడం మాత్రమే అనుకునే ఆథెంటికేషన్‌లో నిజానికి ప్రతిసారీ ఒక రాత ఉంది.

ఇప్పుడు రెప్లికేషన్ సంగతి. మొదటి సైట్‌లో ఒక చందాదారుడి నంబరు 5,020కి చేరింది, రెండో సైట్‌కి ఇంకా 5,000 దాకానే అందింది. ఆ క్షణంలో మొదటి సైట్ పోయింది. రెండోది 5,001 పంపుతుంది. సిమ్ "ఇది పాతది" అని సమకాలీకరణ లోపం చెప్పి తన నంబరు పంపుతుంది. కేంద్రం దాన్ని సరిచూసి, రాసుకుని, కొత్తది పంపాలి. మనిషి లోపలికొస్తాడు, కానీ ఒక్కో ఆథెంటికేషన్‌కి రెండు ప్రయాణాలు. రాత్రిపాళీ గారు సెకనుకు లక్ష లెక్క చెప్పిన సమయంలోనే ఈ రెట్టింపు పడుతుంది.

పరిష్కారం కష్టం కాదు. రెండో సైట్ పగ్గాలు అందుకోగానే అందరి నంబర్లనూ కొంత ముందుకు దూకించి మొదలుపెట్టాలి. ముందుకు దూకడాన్ని సిమ్ ఒప్పుకుంటుంది, హద్దు దాటనంతవరకు. లేదా కాలాన్ని బట్టి నంబరు తయారుచేసే పద్ధతి వాడొచ్చు, 3జీపీపీ 33.102 స్పెసిఫికేషన్ అనుబంధంలో అది వివరంగా ఉంది, అప్పుడు మనిషి మనిషికీ రాసే బాధ తగ్గుతుంది. మీకు అమ్మేవాళ్లు ఏది వాడుతున్నారో అడగండి. వెంటనే చెప్పలేకపోతే వాళ్లు ఫెయిలోవర్‌ను (ఒక సైట్ పోతే ఇంకోటి అందుకోవడాన్ని) నిజమైన సిమ్‌లతో పరీక్షించలేదని అర్థం.

సిమ్ రహస్య కీల గురించి ఇంకో వాక్యం. అవి 128 బిట్ల కీలు, ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉండాలి, విప్పే తాళం డేటాబేస్‌లో ఉండకూడదు, హార్డ్‌వేర్ మాడ్యూల్‌లోనే ఉండాలి. ఐదు చోట్ల ఉన్న కీలను ఒకచోటికి తెస్తున్నారంటే దొంగకి కూడా ఒకచోటికి తెస్తున్నట్టే.

చెక్‌పోస్ట్ | మంగళవారం, రాత్రి 9:10

తాళంచెవి గారి చివరి మాటకి కొనసాగింపు. ఈ డేటాబేస్‌లో ప్రతి మనిషీ ఇప్పుడు ఏ ప్రాంతపు నోడ్ కింద ఉన్నాడో ఉంటుంది. వాయిస్‌మెయిల్ అప్లికేషన్‌కి అది అక్కర్లేదు. ప్రతి అప్లికేషన్‌కీ దానికి కావలసిన భాగమే కనబడాలి, ఎవరు ఎప్పుడు చూశారో నమోదు కావాలి. అన్నీ కలిపాక ఒక్క అడ్మిన్ పాస్‌వర్డ్ విలువ చాలా పెరిగిపోతుంది.

నిర్మాణి | బుధవారం, ఉదయం 9:25

ప్రీపెయిడ్ బ్యాలెన్సులు కూడా ఇందులోనే పెడితే మంచిదని నా అభిప్రాయం. ప్రొఫైల్, ట్రిగ్గర్, ఖాతా అన్నీ ఒకే రికార్డైతే రాత్రిపాళీ గారి రోజువారీ తేడాల జాబితాలో పెద్ద భాగం పుట్టనే పుట్టదు.

పాతకాపు | బుధవారం, ఉదయం 10:11

ఇక్కడ నేను మీతో ఏకీభవించనండీ. ట్రిగ్గరు, సర్వీస్ కీ (ఏ సేవో చెప్పే సంఖ్య), ఎస్‌సీపీ చిరునామా ఒకే రికార్డులో ఉండాల్సిందే. బ్యాలెన్స్ స్వభావమే వేరు. ప్రొఫైల్ నెలల తరబడి మారదు, చదివేవాళ్లే ఎక్కువ. లొకేషన్ మనిషి కదిలినప్పుడు మారుతుంది, పోయినా ఫోను మళ్లీ చెబుతుంది. బ్యాలెన్స్ కాల్ నడుస్తుండగానే మాటిమాటికీ మారుతుంది, ఒక్క రాత పోయినా ఎవరో ఒకరికి డబ్బు నష్టం. ఈ మూడింటికీ ఒకే రెప్లికేషన్ నియమం పెడితే కష్టమైనదానికి తగ్గట్టు అన్నీ నెమ్మదిస్తాయి, లేదా తేలికైనదానికి తగ్గట్టు డబ్బు జారిపోతుంది.

ఇంకోటి చూడండి. ఎస్‌సీపీ అందకపోతే ఏం చేయాలో ట్రిగ్గర్‌లోనే రాసి ఉంటుంది, కాల్ కొనసాగించు లేదా తెంచెయ్ అని. అంటే ఛార్జింగ్ (కాల్ డబ్బు లెక్క చూసేది) పడిపోయినా మనుషులు మాట్లాడుకునే వీలు ఆ పాత డిజైన్‌లో ఉంది. ప్రొఫైల్, బ్యాలెన్స్ ఒకేచోట పెట్టి ఒకేసారి పోగొట్టుకుంటే ఆ వీలు పోతుంది. ఆ రెండూ విడిగా పడిపోగలగడం మనకి ఉన్న ఆస్తి.

నిర్మాణి | బుధవారం, ఉదయం 10:40

కొనసాగించు, తెంచెయ్ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒప్పుకుంటున్నాను. బ్యాలెన్స్ విడిగా, కానీ ఖాతా ఉందా లేదా అన్న సమాచారం మాత్రం ప్రొఫైల్‌తో ఒకే రాతలో. మారితే ఛార్జింగ్‌కి కబురు వెళ్లాలి. అలాగైతే?

పాతకాపు | బుధవారం, ఉదయం 10:52

అలాగైతే సంతకం పెడతాను.

వేగుచుక్క | బుధవారం, మధ్యాహ్నం 1:30

అందరూ చెప్పింది చదివాక నాకు అర్థమైంది చెబుతాను, తప్పైతే దిద్దండి. డేటా ఒకే పద్ధతిలో, ఒకే ద్వారం నుంచి రాయాలి. కానీ లోపల ఐదారు స్వతంత్ర ముక్కలుగా ఉండాలి, ఒక ముక్క పాడైతే మిగతావాటికి తగలకూడదు. అప్పుడు తరంగిణి గారి ఐదో వంతు లెక్క అలాగే ఉంటుంది కదా?

నిర్మాణి | బుధవారం, మధ్యాహ్నం 2:15

సరిగ్గా అదే. కానీ ఒక మెలిక ఉంది. పాత విభజన నంబర్ల వరసను బట్టి, అందుకే సిగ్నలింగ్ నోడ్ అంకెలు చూసి ఏ హెచ్‌ఎల్‌ఆర్‌కి పంపాలో చెప్పేసేది. నంబర్ పోర్టబిలిటీ వచ్చాక, సిమ్‌లు మార్చుకున్నాక అంకెలు చూసి చెప్పలేం. ఎవరు ఏ ముక్కలో ఉన్నారో చెప్పే ఒక సూచిక కావాలి. ఆ సూచిక మళ్లీ ఒక్కటే! దాన్ని ఎంత చిన్నగా, ఎంత మొద్దుగా ఉంచితే అంత మంచిది. నంబరు ఇస్తే ముక్క సంఖ్య, అంతే, ఇంకే తెలివీ పెట్టొద్దు. ప్రతి ఫ్రంట్ ఎండ్ దగ్గర దాని కాపీ ఉండాలి. కేంద్ర సూచిక పోయినా నిన్నటి కాపీతో దాదాపు అందరికీ పని జరుగుతుంది, ఒక్క రోజులో మారేది కొద్దిమందే.

చెక్‌పోస్ట్ | బుధవారం, మధ్యాహ్నం 2:50

ముక్కలు చేసి అన్నిటికీ ఒకే రాత్రి అప్‌గ్రేడ్ పెడితే ముక్కలు చేసిన ఫలితమే ఉండదు. మొదటి ముక్కకి, మిగతావాటికి మధ్య కనీసం రెండు వారాలు. ఒక వారాంతం రద్దీ, ఒక నెలాఖరు బిల్లింగ్ దానిమీద నుంచి నడిచిపోవాలి. తొందరపెడతారు. ఒప్పుకోవద్దు. అలాగే కాపీలతో సంబంధం లేని బ్యాకప్, రెప్లికేషన్ తీగ అందనిది, రోజుకొకటి ఉండాలి. దాన్నుంచి నిజంగా తిరిగి ఎక్కించి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి.

తరంగిణి | శుక్రవారం, రాత్రి 10:20

రెండు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ల్యాబ్‌లో ఉన్నాను.

అమ్మేవాళ్ల డెమో సెటప్ మా ల్యాబ్‌లో ఉంది, నాలుగు ముక్కల రిపాజిటరీ, రెండు ఫ్రంట్ ఎండ్‌లు. మీ మాటల ప్రకారం ఒక ముక్కని నెట్‌వర్క్ నుంచి తప్పించి, ఆ ముక్కలో ఉన్న టెస్ట్ సిమ్‌తో ఫోన్ ఆన్ చేశాను. ట్రేస్‌లో 2జీ వైపు మ్యాప్ అనే సిగ్నలింగ్ ప్రోటోకాల్ జవాబు ఎర్రర్ కోడ్ 1, అంటే చందాదారుడు తెలియదు. రావలసింది 34, సిస్టమ్ ఫెయిల్యూర్. డయామీటర్ వైపు 5001, అదే అర్థం. ముక్కని తిరిగి కలిపాను. ఆ ఫోను బల్ల మీద ముప్పావు గంట సిగ్నల్ లేకుండా అలాగే కూర్చుంది. పక్కన ఆరోగ్యంగా ఉన్న ముక్కలోని ఫోను మామూలుగా పనిచేస్తూనే ఉంది. నేను స్విచాఫ్ చేసి ఆన్ చేశాకే మొదటిది లేచింది. రాత్రిపాళీ గారు వర్ణించినది నా కళ్లముందే జరిగింది.

వాళ్ల ఇంజనీరు ట్రేస్ చూసి మొదట అది డెమో సెట్టింగని అన్నారు. తర్వాత ఒప్పుకుని, చేరుకోలేని ముక్కకి విడిగా జవాబిచ్చే మార్పు రాసి ఇస్తామన్నారు. సీక్వెన్స్ నంబరు దూకుడు గురించి అడిగితే సోమవారం చెబుతామన్నారు.

నా నివేదిక ఇలా వెళ్తోంది. కలుపుదాం. ఐదు స్వతంత్ర ముక్కలు, చిన్న సూచిక, బ్యాలెన్సులు బయట, అప్‌గ్రేడ్‌ల మధ్య ఎడం, ఎర్రర్ కోడ్ పరీక్ష నెగ్గనిదే ఒక్క నంబర్ల వరసా కదలదు. మొదటగా మార్చేది మా ఉద్యోగుల సిమ్‌ల వరస, అందులో నా నంబరు కూడా ఉంది.

రాత్రిపాళీ గారూ, యాక్సెస్ క్లాస్‌లు ఒక్కొక్కటిగా తెరిచేటప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మీరు ఎంతసేపు ఆగేవారు?

రాత్రిపాళీ | శుక్రవారం, రాత్రి 11:41

గడియారం చూసి కాదండీ. డేటాబేస్ జవాబు సమయం మామూలు స్థాయికి దిగేదాకా ఆగి, ఆ తర్వాత ఇంకో 12 నిమిషాలు, టీ3402 పన్ను ఒకటి లేచి దిగేదాకా. అప్పుడే తర్వాతి క్లాస్. ఇవాళ డ్యూటీలోనే ఉన్నాను, మా దగ్గర వాడే చెక్‌లిస్ట్‌లో కంపెనీ వివరాలు తీసేసి రేపు ఉదయం ఇక్కడే పెడతాను.